టీచర్స్ హైలాండ్ క్రీమ్: చాన్నాళ్ళు తాగాక చెప్తున్నా

తక్కువ ధర స్కాచ్ విస్కీలో పొగ వాసన కావాలంటే నా ఓటు టీచర్స్‌కే. శ్రీకాకుళంలో 2024 అక్టోబర్లో మళ్ళీ ప్రైవేటు మందు షాపులు తెరిచిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎక్కువగా ఇదే ఉంటోంది, మధ్యలో వేరేవి తెచ్చినా మళ్ళీ దీని దగ్గరికే వచ్చాను.

ఇక్కడ దొరికేది స్కాట్లాండ్ నుంచి సరుకు తెచ్చి మన దేశంలో సీసాల్లో నింపింది, ఆల్కహాల్ 42.8 శాతం. దాంతో ఇది స్కాచే కాదనేవాళ్ళున్నారు గానీ అది తప్పు, కనీసం మూడేళ్ళు అక్కడ ఓక్ పీపాల్లో ఉంటేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు.

గ్లాసులో పోసి వెంటనే తాగెయ్యకండి, కాసేపు ఉంచి వాసన చూడండి. ముందు తేనె, పండిన ఆపిల్ లాంటి తీపి వాసన, దాని వెనకాలే పుల్లల పొయ్యి ఆర్పేశాక వచ్చే పొగ. ఆ పొగ ఇందులో కలిపే ఆర్డ్‌మోర్ మాల్ట్ విస్కీది (మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ), 1898లో టీచర్ కుటుంబమే పెట్టిన డిస్టిలరీ అది, పీట్ అని బురద నేలల్లో గడ్డీ నాచూ ఏళ్ళ తరబడి పేరుకుని తయారయ్యే మట్టి ఉంటుంది, దాన్ని కాల్చిన పొగలో ఆరబెట్టిన బార్లీతో చేస్తారు. ఉత్తగా తాగితే చివర్లో గొంతు దగ్గర కాస్త ఘాటు తగుల్తుంది, రెండు చెంచాల చల్లటి నీళ్ళు పడితే ఆ ఘాటు తగ్గి తీపి పైకొస్తుంది, నాకు బాగా నచ్చేది అదే. సోడా పోస్తే పొగ పల్చబడిపోతుంది. మా బావ కూల్‌డ్రింక్ కలుపుతానంటే "బావా, దానికి ఇంత పెట్టి స్కాచెందుకు, ఒక్కసారి నీళ్ళతో చూడు" అన్నాను, ఇప్పుడు ఆయనా నీళ్ళే.

మంచింగ్‌కి పలాస జీడిపప్పు నేతిలో వేయించి ఉప్పు, మిరియాలు చల్లితే చాలు, మసాలా ఎక్కువేసిన చేప వేపుడు పెట్టుకుంటే విస్కీ రుచి ఏటీ తెలీదు.

ఇంకోటి, సీసా సగానికి దిగాక నెలలకొద్దీ ఉంచకండి, లోపల గాలి ఎక్కువై పొగ మెత్తబడిపోతుంది, నేను మిగిలింది చిన్న సీసాలోకి నిండా మార్చేస్తా.

పొగ అసలు పడనివాళ్ళకి బ్లాక్ అండ్ వైట్ అనే ఇంకో స్కాచ్ బెటర్, అది మెత్తగా తియ్యగా ఉంటుంది. అనుమానం ఉంటే ఫుల్ బాటిల్ కొనకుండా ముందు క్వార్టర్ దొరికితే తెచ్చి చూడండి.