టోక్యోలో చూశాం, సకాయ్‌లో కొన్నాం, తకెఫులో కొలిమి చూశాం

మా అమ్మ కత్తిపీట నాకంటే మూడేళ్లు పెద్దది. తెనాలి ఇంట్లో మొన్నమొన్నటి దాకా కూరలన్నీ దాని మీదే. ఆ మధ్య మోకాళ్ల నొప్పులు మొదలై కింద కూర్చోవడం కష్టమైంది. వంటగట్టు దగ్గర నిలబడి తరుక్కోమని మంచి స్టీలు చాకు ఒకటి కొనిస్తే, రెండు వంకాయలు కోసి పక్కన పెట్టేసింది. "ఇది కొయ్యదే, నలుపుతుంది" అంది. 2024 నవంబర్లో మా ఆయనా నేనూ జపాన్ వెళ్లినప్పుడు గుడులూ ఎర్రాకులూ ఆయన లిస్టులో ఉన్నాయి. నా లిస్టులో ఒకటే ఉంది, అమ్మకి చేత్తో చేసిన కార్బన్ స్టీల్ కత్తి.

మొదటి మజిలీ టోక్యోలో కప్పాబాషి. ఉఎనోకీ అసకుసాకీ మధ్య ఉండే వంటసామాన్ల వీధి ఇది. గింజా లైన్లో తవరామాచి స్టేషన్లో దిగి కాస్త నడిస్తే ఒక బిల్డింగు మీద టోపీ పెట్టుకున్న పెద్ద చెఫ్ తలకాయ కనిపిస్తుంది, అక్కడ మొదలు. గిన్నెలు, హోటళ్ల ముందు అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ భోజనాలు, గంపలు, కత్తులు. మేం తెలియక ఆదివారం వెళ్లాం. సగం షట్టర్లు మూసి ఉన్నాయి. తెరిచిన కత్తుల షాపుల్లో మాత్రం టూరిస్టులు కిక్కిరిసి ఉన్నారు. గోడ నిండా కత్తులు, నీటి అలల్లా డిజైన్లు, ప్రతి దాని కింద ఇంగ్లీషు చీటీ. నాకు కళ్లు తిరిగాయి. సేల్స్ అబ్బాయి మర్యాదస్తుడే కానీ వెనక ఇంకా ఎనిమిది మంది నిలబడ్డారు. ఏం అడగాలో తెలియకుండా వెళితే కప్పాబాషిలో అందమైన కత్తి కొంటారు, పనికొచ్చే కత్తి కాదు. రకాలన్నీ ఒకే చోట చూసి పేర్లు నేర్చుకోవడానికి బాగుంటుంది. నేను ఖాళీ చేతుల్తోనే బయటికొచ్చాను, దానికి ఇప్పటికీ సంతోషమే.

అసకుసా దగ్గర మా హోటల్ గది గురించి ఒక్క మాట. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి జాగా లేదు. ఒకటి మంచం మీద, ఒకటి బాత్‌రూమ్ గుమ్మంలో. రేటు చూసి బుక్ చేసిన నాదే తప్పు. మర్నాడు పెద్ద సూట్‌కేసుని రిసెప్షన్లో ఇచ్చి కొరియర్లో ఒసాకా హోటల్‌కి పంపేశాం. రెండువేల చిల్లర యెన్‌లు. మర్నాటికి అక్కడ మా కోసం ఎదురుచూస్తోంది. ఈ ట్రిప్ మొత్తంలో డబ్బుకి అత్యంత విలువైన సర్వీస్ ఇదే, బుల్లెట్ రైలు కాదు. వారం రోజుల రైలు పాస్ 2023 అక్టోబర్లో 29,650 నుంచి 50,000 యెన్‌లకి పెరిగింది కాబట్టి మేం అది కొనలేదు, టికెట్లు విడివిడిగా తీసుకున్నాం.

ఒసాకాలో నంబా దగ్గర దిగాం. అక్కణ్ణుంచి కత్తులకి పేరున్న సకాయ్ ఊరికి నంకాయ్ రైలు ఎక్కితే పావుగంట కూడా పట్టదు. కానీ మీకు తొందర లేకపోతే హంకాయ్ ట్రామ్ ఎక్కండి. ఒకే పెట్టె, చెక్క కిటికీల కాలంనాటి వాసన, ఇళ్ల పెరళ్ల పక్కనుంచి వెళుతుంది. ఆరేసిన బట్టలు చేతికి అందేలా ఉంటాయి. దారిలో సుమియోషి గుడి దగ్గర దిగి ఎర్ర విల్లు వంతెన ఎక్కి, మళ్లీ వెనకాల వచ్చే ట్రామ్ పట్టుకోవచ్చు. మ్యోకోకుజిమాఎ స్టాపులో దిగితే కత్తుల వాడ నడక దూరమే.

సకాయ్‌కీ ఇనుముకీ సంబంధం పాతది. ఊళ్లో ఉన్న రాజుల సమాధుల దిబ్బలు అయిదో శతాబ్దం నాటివి, 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. అంతంత మట్టి తవ్వడానికి పనిముట్లు కావాలి కదా, అలా కమ్మరులు చేరారంటారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో పొగాకు వచ్చాక ఆకు సన్నగా తరిగే కత్తులకి ఈ ఊరు పేరు తెచ్చుకుంది. వాటి మీద షోగన్ (అప్పటి సైనిక పాలకుడు) ప్రభుత్వం తన ముద్ర కూడా వేయించింది. మా గుంటూరు వైపు మనిషికి పొగాకు కత్తుల ఊరంటే ఎక్కడో దగ్గరి చుట్టరికం తోచింది.

ముందుగా ఊరి హస్తకళల మ్యూజియానికి వెళ్లాం. ప్రవేశం ఉచితం. సకాయ్ పద్ధతి అక్కడ బాగా అర్థమైంది. ఒకే మనిషి కత్తంతా చేయడు. ఒకరు కొలిమిలో సాగదీస్తారు, ఇంకొకరు సాన పట్టి పదును తెస్తారు, మరొకరు పిడి వేస్తారు. ఎవరి పని వాళ్లు జీవితాంతం చేస్తారు. కత్తి అంచు మీద ఒక సన్నటి మబ్బు గీత కనిపిస్తుంది చూడండి, అది అలంకారం కాదు. మెత్తటి ఇనుమూ గట్టి ఉక్కూ అతుక్కున్న చోటు అది. కోసేది ఉక్కు, దెబ్బ తట్టుకునేది ఇనుము. ఉక్కులో మళ్లీ 'తెల్ల కాగితం', 'నీలి కాగితం' అని రకాలు. షిమానే ప్రాంతంలోని యసుగిలో తయారయ్యే ఉక్కు కడ్డీలకి అంటించే కాగితం రంగే పేరైపోయింది. తెల్లది దాదాపు శుద్ధ కార్బన్ ఉక్కు, రాయి మీద తేలిగ్గా పదునెక్కుతుంది. నీలిదానిలో క్రోమియం, టంగ్‌స్టన్ కాస్త కలుపుతారు, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండూ తుప్పు పడతాయి, ఆ విషయంలో పెద్ద తేడా లేదు.

అమ్మకి తెల్లదే అనుకున్నాను. పక్క వీధిలో ఒక పాత షాపులోకి వెళ్లాం. మేం తప్ప ఎవరూ లేరు. కౌంటర్లో ఉన్న పెద్దాయన కత్తులు చూపించలేదు, ఫోన్లో అనువాదం పెట్టుకుని ఏం కోస్తారని అడిగాడు. వంకాయ, బెండకాయ, దొండకాయ, ములక్కాడ ఫొటోలు చూపించాను. కొబ్బరికాయ చూపించగానే తల అడ్డంగా ఊపాడు. ఎముకలున్న చికెన్ చూపిస్తే ఇంకా గట్టిగా ఊపాడు. చేపల కోసం చేసే ఒకవైపు పదునున్న కత్తులు, ఆ ఊరి ప్రతిష్ఠంతా వాటిదే, వాటిని చేతిలోకి కూడా ఇవ్వలేదు. చివరికి నాకిరి అనే కూరగాయల కత్తి ఒకటి తీశాడు. 165 మిల్లీమీటర్లు, దీర్ఘచతురస్రం లాంటి ఆకు (అలుగు), రెండు వైపులా పదును. పైన కొలిమి నలుపు అలాగే వదిలేసి, అంచు మాత్రమే మెరిసేలా తీర్చారు. మాగ్నోలియా కర్ర పిడి, చేతిలో బరువే తెలియదు. న్యూస్‌పేపర్ ముక్క ఒకటి గాల్లో పట్టుకుని చూపించాడు. చప్పుడు లేదు, కాగితం రెండైంది అంతే.

ధర 14,300 యెన్‌లు. పాస్‌పోర్ట్ చూపిస్తే పది శాతం పన్ను పోయి 13,000 పడింది. మన డబ్బులో ఏడు వేల పైచిలుకు. కత్తి మీద పేరు ఉచితంగా చెక్కుతామన్నారు. కటకానా లిపిలో 'అమ్మ' అని రాయమన్నాను. పెద్దాయన కాగితం మీద రాసి నా వైపు చూసి, మళ్లీ కాగితం వైపు చూసి నవ్వాపుకోలేకపోయాడు. వాళ్ల భాషలో అలా రాస్తే ఒళ్లు పట్టే మనిషి అని అర్థమట. అమ్మకి ఇది చెబితే "తప్పేముంది, మీ నాన్న కాళ్లు ఎన్నేళ్లు పట్టానో" అంది. కానీ ఆ పూట ధైర్యం చాలక అమ్మ అసలు పేరే చెక్కించాను. చిన్న ఉలీ చిన్న సుత్తీ, ఒక్కో గీతకి రెండు దెబ్బలు. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

ఇంకొక జాగ్రత్త. జపాన్‌లో ఆరు సెంటీమీటర్లు మించిన కత్తిని కారణం లేకుండా వెంట పెట్టుకు తిరగడం నేరం. కొన్న తర్వాత ప్యాకింగ్ విప్పకండి, అలాగే హోటల్‌కి తీసుకెళ్లి చెక్-ఇన్ లగేజీలో అడుగున పెట్టేయండి.

పని అయిపోయింది కదా, ఇంకా తకెఫు ఎందుకు అన్నాడు మా ఆయన. నాకు మంట చూడాలని ఉంది. తకెఫు ఉండేది ఫుకుయి ప్రాంతంలోని ఎచిజెన్‌లో, ఆ ఊరు ఏడొందల ఏళ్ల కత్తుల చరిత్ర చెప్పుకుంటుంది. చెట్ల నుంచి లక్క లాంటి బంక తీసేవాళ్లకి కావలసిన కొడవళ్లతో అది పెరిగింది. ఆ బంక తీసేవాళ్లే దేశమంతా తిరుగుతూ కొడవళ్లు కూడా అమ్మేవారు. 2024 మార్చిలో కొత్త బుల్లెట్ రైలు మార్గం అటు వచ్చింది. ఒసాకా నుంచి త్సురుగా దాకా థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు, అక్కడ రైలు మారి ఒకే ఒక్క స్టాపు. థండర్‌బర్డ్‌లో ఇప్పుడు అన్నీ రిజర్వేషన్ సీట్లే, ముందే తీసుకోండి.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఎచిజెన్-తకెఫు వేరు, తకెఫు వేరు. మొదటిది పొలాల మధ్య కొత్త స్టేషన్, రెండోది పాత ఊళ్లో ఉంది. నేను తకెఫు స్టేషన్ ఎదురుగా హోటల్ బుక్ చేసి, రైలు దిగాక నడిచి వెళ్లొచ్చనుకున్నాను. వాన, చీకటి, స్టాండులో ఒక్క టాక్సీ కూడా లేదు. స్టేషన్ పక్కనే రోడ్డు ప్రయాణికుల కోసం ఉన్న దుకాణాల్లో నలభై నిమిషాలు కూర్చున్నాం. మా ఆయన ఏమీ అనలేదు, అదే టెన్షన్. హోటల్ మాత్రం టోక్యో దానికంటే చవక, గది రెండింతలు, కింద వేడి నీళ్ల స్నానశాల. తిండి దగ్గర శాకాహారులకి చిక్కే. ముల్లంగి తురుము వేసిచ్చే ఎచిజెన్ చల్లటి సోబా (ఒక రకం నూడుల్స్) చూడ్డానికి శాకాహారంలాగే ఉంటుంది కానీ రసంలో చేప ఉంటుంది.

తకెఫు నైఫ్ విలేజ్ అంటే ఊరు కాదు, కొన్ని కమ్మరి కుటుంబాలు కలిసి 1993లో కట్టుకున్న ఒకే కప్పు కింది పనిశాల. పై అంతస్తులోంచి కిందికి చూడొచ్చు. మా ఊళ్లో కమ్మరి కొలిమి చూసిన వాళ్లకి తిత్తి బదులు మోటారు, సమ్మెట బదులు యంత్రపు సుత్తి తప్ప మిగతాదంతా తెలిసినట్టే ఉంటుంది. ఒకటి మాత్రం కొత్తగా చూశాను. రెండు కత్తుల ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపి కొడుతున్నారు. అలా అయితే తొందరగా చల్లారవు, రెండూ సమంగా సాగుతాయట. పటకారు పట్టుకున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో, ఇనుము ఎరుపు తగ్గగానే చూడకుండానే చెయ్యి వెనక్కి కొలిమిలోకి వెళ్లిపోతోంది. గంటసేపు నిలబడ్డాం. ముందే బుక్ చేసుకుంటే కత్తి తయారీ నేర్పిస్తారు, మేం చేసుకోలేదు. ఇక్కడి షాపులో నాకిరిలు కూడా చాలా బాగున్నాయి, సకాయ్‌లో ముందే కొనేశానని కాస్త ఉక్రోషం కలిగింది.

ఒక్కరోజే ఉంటే సకాయ్‌కి వెళ్లండి. రెండు రోజులుండి, కొలిమి అంటే ఇష్టం ఉంటే తకెఫు కూడా. కప్పాబాషికి ఆదివారం తప్ప ఎప్పుడైనా.

తెనాలిలో కత్తి విప్పగానే అమ్మ బొటనవేలితో అంచు అడ్డంగా తడిమి "ఊఁ" అంది. పీట మీద కూర్చుంటే కాయ కత్తి మీదికి వెళ్లాలి, ఇక్కడ కత్తి కాయ మీదికి రావాలి. ఆ తిరకాసు అలవాటవడానికి వారం పట్టింది. కోసిన వెంటనే తుడవాలని చెప్పాను, చీరకొంగుతో తుడుస్తుంది. వేసవిలో ఒక మధ్యాహ్నం పచ్చడికి మామిడికాయ తరిగి అలాగే వదిలేసి నిద్రపోయింది. సాయంత్రానికి నారింజ రంగు మరకలు. ఇత్తడి చెంబులాగే చింతపండుతో తోమేసింది. తుప్పు పోయింది కానీ, నెలల తరబడి పట్టిన నీలి నలుపు ఛాయ కూడా పోయి ఆకు పాలిపోయింది. ఇప్పుడు రాత్రిళ్లు కొబ్బరినూనె రాసి పెడుతోంది. ఆవకాయ ముక్కలకి దీన్ని వాడొద్దు, టెంక తగిలితే అంచు విరుగుతుంది అని ఫోన్‌లో హెచ్చరించాను. "దానికి వేరే కత్తుంది, నాకు చెబుతావా" అని, ఒక్క క్షణం ఆగి, "జపాన్ నుంచి సానరాయి కూడా తెచ్చావటగా, అది హైదరాబాదులో ఏం చేస్తోంది?" అంది.