బాప్తిస్మం పొందకపోతే రక్షణ లేదా? ఏ వాదన నిలుస్తుంది?

ఈ చర్చ ఎక్కడ మొదలైనా ముందు తెరిచేది మార్కు 16:16. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును, నమ్మని వానికి శిక్ష విధింపబడును." మొదటి సగంలో రెండు షరతులు, రెండో సగంలో ఒక్కటే. బాప్తిస్మం పొందనివాడికి శిక్ష అని అక్కడ లేదు. నమ్మనివాడు ఎలాగూ నీళ్లలోకి దిగడు కదా, మళ్లీ చెప్పడమెందుకు అని బాప్తిస్మం తప్పనిసరి అనేవాళ్ల జవాబు. అదీ సబబే. పైగా ఆ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేవు. ఈ ఒక్క వచనాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

అవసరమే అనేవాళ్లందరిదీ ఒకే మాట కాదు. కతోలికులు, లూథరన్లు (1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, 9వ అంశం) రక్షణకు అది అవసరమంటూనే పసిపిల్లలకూ ఇస్తారు. చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్లు పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోరు. నమ్మి, ఒప్పుకుని, మునిగినప్పుడే పాపక్షమాపణ అంటారు. బాప్టిస్టులు, బ్రెదరన్, పెంతెకొస్తుల్లో ఎక్కువమందిది రెండో పక్షం: రక్షణ విశ్వాసం వల్లే, బాప్తిస్మం రక్షింపబడినవాడు లోబడవలసిన ఆజ్ఞ. మూడో పక్షం అసలు నీళ్లే అక్కర్లేదంటుంది. సాల్వేషన్ ఆర్మీ, క్వేకర్లు అంతే. మన కోస్తాలో, 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పిన కలగర సుబ్బారావు కూడా బాప్తిస్మాన్ని తోసిపుచ్చారు. బాప్తిస్మమివ్వండని యేసే ఆజ్ఞాపించిన మత్తయి 28:19 ఉండగా ఈ పక్షాన్ని సమర్థించడం కష్టం. అసలు పోటీ మొదటి రెంటి మధ్యే.

బాప్తిస్మం లేకుండానే యేసు పరదైసు మాటిచ్చిన సిలువ మీద దొంగను సాక్ష్యానికి పిలవడం రెండో పక్షానికి అలవాటే గాని, దానికి జవాబు సులువు: అతను ఆ ఆజ్ఞ రాకముందే చనిపోయాడు. అంతకంటే గట్టి సాక్షి రోమా శతాధిపతి కొర్నేలీ. అపొస్తలుల కార్యములు 10:44-48లో ముందు పరిశుద్ధాత్మ దిగాడు, తర్వాతే నీళ్లు. అది యూదులకు చూపిన సూచన మాత్రమే, రక్షణ కాదు అనేవాళ్లు 15:9 కూడా చదవాలి. యెరూషలేము సభలో అదే సంగతి చెబుతూ పేతురు, దేవుడు వాళ్ల హృదయాలను "విశ్వాసమువలన" పవిత్రపరిచాడన్నాడు. అక్కడ ఉండి బాప్తిస్మం పొందమని ఆజ్ఞాపించినవాడే చెప్పిన అర్థమది. బాప్తిస్మమివ్వడానికి క్రీస్తు నన్ను పంపలేదని పౌలు అన్న 1 కొరింథీ 1:17ను మాత్రం ఈ రెండో పక్షం అతిగా వాడుతుంది. పౌలు అక్కడ మాట్లాడేది సంఘంలో ముఠాల గురించి. క్రిస్పును, గాయియును, స్తెఫను ఇంటివారిని తానే నీళ్లలోకి దింపాడు.

రెండో పక్షానికి మింగుడుపడనిది అపొస్తలుల కార్యములు 22:16: "లేచి ఆయన నామమునుబట్టి ప్రార్థనచేసి బాప్తిస్మము పొంది నీ పాపములను కడిగివేసికొనుము." 1 పేతురు 3:21 కూడా బాప్తిస్మం రక్షిస్తుందనే అంటుంది, ఒళ్లు కడగడం కాదు, మనస్సాక్షి సంగతి అని వెంటనే వివరిస్తుంది. అన్నీ కలిపి తూస్తే రెండో పక్షమే మొగ్గుతుంది, కాస్త తేడాతోనే.

తేడా బయటపడేది చావుబతుకుల మధ్య ఉన్న మనిషి దగ్గర. కతోలికుల్లో గురువు (ఫాదర్) అందకపోతే ఎవరైనా, తాము జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వాళ్ల మాట) పొందనివాళ్లయినా సరే, ఇవ్వొచ్చు. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ఉద్దేశమే ఇచ్చేవాళ్ల ఉద్దేశం కావాలి. మామూలు నీళ్లు నుదుటి మీద మూడుసార్లు పారేలా పోస్తూ, పేరు పెట్టి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అనాలి. చెడేది సాధారణంగా రెండు చోట్ల. తడి వేలితో అద్ది ఊరుకుంటే నీళ్లు పారవు కాబట్టి చెల్లుబాటు సందేహం. "నేను" బదులు "మేము" అంటే చెల్లదని 2020లో వాటికన్ తేల్చింది. సిద్ధపడుతూ నీళ్లు అందకుండానే పోయినవాడికి కోరికే చాలునంటారు. ముంచితేనే అనేవాళ్లకు వెంటిలేటర్ మీదున్న మనిషి దగ్గర దారి మూసుకుపోతుంది. ఆ సిద్ధాంతంలో బలహీనత అదే. బాప్టిస్టు పాస్టరు ప్రార్థన చేసి నిబ్బరంగా వెళ్లగలడు.

ఆ నిబ్బరమే మామూలు రోజుల్లో బద్ధకమవుతుంది. అపొస్తలుల కార్యముల్లో ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు కనబడగానే దిగాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే పొందాడు. మన సంఘాల్లో "తర్వాత చూద్దాం" అంటూ ఏళ్లు గడుస్తాయి. ఆపడానికి మంచి కారణాలూ ఉంటాయి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కూడు కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపి, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ఇప్పించాడు. ఇప్పటి కారణం వేరు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీ మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీలోకి వెళ్తాడు. అందుకే నమ్మి కూడా సర్టిఫికెట్ భయంతో ఆగినవాళ్లున్నారు. వాళ్లను "నీకు రక్షణ లేదు" అని బెదిరించడం కొర్నేలీ సంగతి చదివినవాళ్లు చేయాల్సిన పని కాదు. అలాగని ఆ ఆజ్ఞ వాళ్లకు వర్తించదనీ ఎవరూ చెప్పలేరు.