వలిసె పూలు, కొండ, దిగే చంద్రుడు: 70-200 ఎఫ్/4 లెన్సు సమీక్ష

లెన్సు కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్/4 ఎల్ ఐఎస్. 2006లో వచ్చిన మొదటి మోడల్, 760 గ్రాముల బరువు, 67 మి.మీ. ఫిల్టరు. ఫుల్ ఫ్రేమ్ (36x24 మి.మీ. సెన్సారు) బాడీ మీద ఏళ్ళ తరబడి వాడాక రాస్తున్నాను, అదీ ఒకే పని గురించి: శీతకాలం తెల్లవారుజామున అరకు లోయలో ముందు పసుపు పూల వలిసె చేను, వెనక కొండ, దాని మీదికి దిగుతున్న చంద్రుడు. పెళ్ళిళ్ళకీ పిట్టలకీ ఎలా ఉంటుందన్నది ఇక్కడ వెతక్కండి.

ఈ ఫొటో కోసం ఎక్కువమంది 16-35 మి.మీ. వైడ్ లెన్సు తగిలించుకుని చేలోకి దిగిపోతారు. పూలు బ్రహ్మాండంగా వస్తాయి, చంద్రుడు మాత్రం తెల్ల చుక్క. సెన్సారు మీద చంద్రబింబం ఫోకల్ లెంగ్తులో (లెన్సు మీది మి.మీ. అంకెలో) సుమారు 110వ వంతు ఉంటుంది. 24 మి.మీ. దగ్గర తీస్తే 0.2 మి.మీ., 200 దగ్గర 1.8 మి.మీ. అడ్డ ఫ్రేము ఎత్తులో అది పదమూడో వంతు. అలాగని 200లోనే ఉండిపోతే అడ్డంగా 10 డిగ్రీలే కనిపిస్తాయి, పూలకు చోటు మిగలదు. ఈ పనికి లెన్సు అసలు విలువ 100-135 మధ్య, అదీ నిలువు ఫ్రేములో. 70 కొస నాకు దాదాపు అక్కర్లేదు.

టెలీ లెన్సుతో వచ్చే అసలు చిక్కు ఫోకస్. ఎఫ్/11 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది) 100 మి.మీ.కి హైపర్‌ఫోకల్ దూరం 30 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 15 మీటర్ల నుంచి కొండ దాకా షార్ప్‌గా ఉంటుంది. 135కి వచ్చేసరికి ఫోకస్ 55 మీటర్ల దగ్గర పెట్టాలి, 27 నుంచే షార్ప్. 200కైతే 120 మీటర్ల దగ్గర ఫోకస్, 60 నుంచి షార్ప్. ఇది మామూలు ప్రింటు లెక్క. గోడంత ప్రింటు వేయాలంటే ఈ దూరాలన్నీ రెట్టింపు చేసుకోండి. కాబట్టి పూల దగ్గరకు వెళ్ళడం కాదు, వెనక్కి రావాలి.

వెనక్కి వస్తే ఇంకోటి తగులుతుంది. 135లో నిలువు ఫ్రేము 15 డిగ్రీలు. చంద్రుడు 4 డిగ్రీల ఎత్తున ఉండి, పైన 2 డిగ్రీల ఆకాశం వదిలితే, కంటిమట్టానికి కింద 9 డిగ్రీలు మిగులుతాయి. చదును నేల మీద మామూలు ట్రైపాడ్ ఎత్తు నుంచి చూస్తే 30 మీటర్ల దూరంలోని పూలు కంటిమట్టానికి 3 డిగ్రీల కిందే ఉంటాయి. మిగతా 6 డిగ్రీలూ దగ్గరి మొక్కలే, అన్నీ మసక. కెమెరా చేనుకంటే 5 మీటర్లు ఎత్తున ఉంటే అవే పూలు దాదాపు ఫ్రేము కింది అంచుకు వస్తాయి. రోడ్డు కట్టో, పై మడి గట్టో చాలు. చేలోకి దిగి కాడలు విరగ్గొట్టే పని కూడా తప్పుతుంది. అది నూనెగింజల పంట, ఎవరో దున్ని వేసుకున్నది. గట్టు మీద నిలబడడానికైనా రైతును అడగండి. ఫొటోకు కొంత అడిగితే ఇవ్వండి, బేరాలొద్దు.

ఏ రోజు వెళ్ళాలి? పౌర్ణమి తిథి ముగిసే క్షణమే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండే క్షణం. తిథి ముగిశాక వచ్చే మొదటి ఉదయం పట్టుకోండి. ఆ రోజు చంద్రాస్తమయం సాధారణంగా సూర్యోదయం తర్వాత పడుతుంది. ముందురోజు వెళితే ఇంకా చీకటిగా ఉండగానే కొండ వెనక్కి పోతాడు. యాప్ చెప్పే అస్తమయం చదును నేలకు. కొండ ఎత్తు ప్రతి డిగ్రీకీ సుమారు 5 నిమిషాలు తీసేయండి, 3 డిగ్రీల కొండకు పావుగంట ముందే మాయం. ఫోటోపిల్స్ యాప్ ప్లానర్లో ఎర్ర పిన్ను మీరు నిలబడే చోట, నల్ల పిన్ను కొండ కొమ్ము మీద పెడితే ఎత్తు, దూరం చూపిస్తుంది. డిసెంబరు పౌర్ణమి చంద్రుడు పడమటన కాదు, వాయవ్యంగా అస్తమిస్తాడు, ఉత్తరం నుంచి 290-300 డిగ్రీల మధ్య. 18.6 ఏళ్ళ చక్రంలో ఈ దిశ మారుతుంటుంది కాబట్టి పోయినేటి నోట్సు పట్టుకుని అదే కొండ సందులో ఎదురుచూడొద్దు. దిగేటప్పుడు నిట్టనిలువుగా దిగడు, కుడికి ఒరుగుతాడు: మూడు బింబాల మేర దిగితే ఒక బింబం మేర కుడికి. తన వెడల్పంత జరగడానికి 2 నిమిషాలు చాలు. కొండ మీది జీలుగు చెట్టు పక్కన నిలపాలనుకుంటే ట్రైపాడ్ కాస్త ఎడమకో కుడికో లాగే టైము కూడా ఉండదు, ముందే లెక్కేసుకోవాలి.

డిసెంబరు మధ్యలో సూర్యోదయం 6.20 ప్రాంతంలో. దానికి ముందు పావుగంట బంగారం. పడమటన కింద నీలి నీడ, పైన గులాబీ పట్టీ, ఆ పట్టీలో చంద్రుడు. నేలకు ఎఫ్/8, ఐఎస్‌ఓ 1600, 1/60 దరిదాపుల్లో వస్తుంది. చంద్రుడు రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) వెలుగెక్కువ. ఒక ఫ్రేము నేలకు, ఒకటి బింబానికి, రెండూ రా ఫైల్లో. 200లో ఒక సెకను షట్టర్ తెరిస్తే బింబం రెండు పిక్సెళ్ళకు పైగా జరుగుతుంది, అరసెకను దాటనివ్వకండి. పూలూ కొండా విడివిడిగా ఫోకస్ చేసి కలిపితే, చంద్రుణ్ణి కొండ ఫ్రేములోంచే తీసుకోండి. వలిసె కాడలు సన్నం, చిరుగాలికే ఊగుతాయి. పూల ఫ్రేముకు షట్టర్ 1/60 సెకను కంటే నెమ్మదైతే రేకులు చెదురుతాయి. సూర్యుడు వచ్చాక మరో తంటా: వెలుగు వీపున పడుతుంది, మీ నీడ, ట్రైపాడ్ నీడ పొడవుగా చేను మీద పడతాయి. చెట్టు నీడలోకి జరగండి.

లెన్సు విషయానికొస్తే, ఎఫ్/2.8 మోడల్ కోసం ఆరాటపడనక్కర్లేదు. వాడేది ఎఫ్/8, ఎఫ్/11. ఆటోఫోకస్ ఆ చీకట్లో కొండ అంచు మీద వెతుక్కుంటుంది. లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి చంద్రుడి మచ్చల మీద చేత్తో పట్టడమే. రింగును అనంతం గుర్తు దాకా తిప్పి వదిలేస్తే కుదరదు, ఆ గుర్తు దాటి కూడా తిరుగుతుంది. ట్రైపాడ్ మీద ఐఎస్ (చేతి అదురును సర్దే ఏర్పాటు) ఆపేస్తాను. ట్రైపాడ్ కాలర్ (లెన్సునే ట్రైపాడ్‌కు బిగించే కడియం) పెట్టెలో రాదు, విడిగా కొనాలి. నిలువు ఫ్రేముకు అది తప్పనిసరి. బాడీని పక్కకు వంచి బిగిస్తే ముందు బరువుకు బాల్‌హెడ్ మెల్లగా జారుతుంది, అంతసేపు కూర్చిన చంద్రుడు ఫ్రేములో పైకి పోతాడు. డీఎస్ఎల్ఆర్ అయితే మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచడం), 2 సెకన్ల టైమర్ వాడండి. 1/15 నుంచి అరసెకను మధ్య అదురు బాగా తెలుస్తుంది.

మౌంటు చుట్టూ రబ్బరు రింగు ఉంది కాబట్టి మంచుకు భయం లేదు. భయమంతా ముందు గాజు మీద పట్టే చెమ్మకే. హుడ్ తీయకండి, ఊదకండి, జేబులో పొడి గుడ్డ ఉంచండి. లోయ అడుగున పొగమంచు దట్టంగా కమ్మితే ఏ లెన్సూ ఆదుకోదు, వాలు మీదికి ఎక్కడమే.

సెకండ్ హ్యాండులో కొంటుంటే వెనక నుంచి టార్చి కొట్టి లోపల బూజు చూడండి, ముఖ్యంగా విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళో వాడిన లెన్సుకు. 200లో ఎఫ్/4 దగ్గర నాలుగు మూలలూ తీసి పోల్చండి. కాలర్ కూడా ఇస్తానంటే ఆ మేరకు ధర ఎక్కువైనా పర్వాలేదు.