ఎలుకకు డిప్రెషన్ మందు: సూదా, నీళ్లా, పంపా?

డిప్రెషన్ మందులను ఎలుకల మీద పరీక్షించిన పరిశోధన చదివేటప్పుడు చాలామంది ఏ మందు, ఎన్ని రోజులు అని మాత్రమే చూస్తారు. మందును ఒంట్లోకి ఎలా పంపారన్నది ఎవరికీ పట్టదు. ఫలితం తారుమారయ్యేది చాలాసార్లు అక్కడే.

ముందు డోసు సంగతి. 60 కిలోల మనిషి రోజుకు 20 మిల్లీగ్రాముల ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు వేసుకుంటే కిలోకి 0.33 మి.గ్రా. పడుతుంది. చిట్టెలుకలకు మామూలుగా ఇచ్చేది కిలోకి 10 నుంచి 20. చూడగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఎలుక ఒంట్లో మందు మనకంటే చాలా వేగంగా ఖర్చయిపోతుంది. అలాంటిదే మరో మందు సిటలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి మనిషిలో సుమారు 35 గంటలు పడితే, ఎలుకలో కొద్ది గంటలే. కాబట్టి కిలోకి ఎంత ఇచ్చారన్నదాని కంటే రక్తంలో ఎంత నిలిచిందన్నదే నమ్మదగ్గ లెక్క.

సూది చవక. ఏ ఎలుకకు ఎంత వెళ్లిందో కచ్చితంగా తెలుస్తుంది. కానీ రోజుకోసారి సిటలోప్రామ్ పొడిస్తే మర్నాటికి మెదడులో దాదాపు ఏమీ మిగలదు. రోజూ మందు మొదలుపెట్టి రోజూ మానేసినట్టే! ఈ మందులు పనిచేయాలంటే మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని వదిలే కణాల జోరుకు కళ్లెం వేసే 5-హెచ్‌టీ1ఏ రిసెప్టర్లు (ఆ రసాయనాన్ని పసిగట్టే గ్రాహకాలు) మొద్దుబారాలి, దానికి వారాలు పడుతుంది. మనిషిలో ఆ వారాలన్నీ మందు ఒంట్లో ఉంటూనే ఉంటుంది. పైగా మెడ వెనక చర్మం ఒడిసిపట్టి, వెల్లకిలా తిప్పి, పొట్టలో పొడవడం రోజూ జరిగితే ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టెరోన్ పెరుగుతుంది. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాల పుట్టుకను తగ్గించే హార్మోన్ అదే. ఆ పుట్టుకను డిప్రెషన్ మందులు పెంచుతాయని 2000లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రోనాల్డ్ డూమన్ బృందం ఎలుకల్లో చూపించింది. మందు ముందుకు తోస్తుంటే సూది వెనక్కి లాగుతోందన్నమాట. మందు లేని ఉప్పునీళ్ల సూది వేసిన ఎలుకలతో పోల్చుకోవచ్చు కదా అంటారు. పోల్చుకోవచ్చు, కానీ అవి కూడా టెన్షన్ పడ్డ ఎలుకలే. నోట్లోంచి గొట్టం దింపి పోసినా ఇదే బాధ.

తాగే నీళ్లలో కలిపితే ఆ టెన్షన్ లేదు. ఫ్లుయోక్సెటిన్‌కు ఇది బాగా కుదురుతుంది. ఒంట్లో అది మారి పుట్టే నార్‌ఫ్లుయోక్సెటిన్ కూడా పనిచేసేదే, ఇంకా ఎక్కువసేపు ఉండేదే కాబట్టి గుటక గుటకకూ మధ్య ఖాళీ పెద్దగా పడదు. ఇబ్బందల్లా లెక్కతోనే. నీళ్లు చేదెక్కితే ఎలుక తక్కువ తాగుతుంది. ఒకే సీసా నాలుగైదు ఎలుకలు తాగితే ఎవరి వాటా ఎంతో తెలియదు. విడివిడిగా ఉంచుదామంటే ఒంటరితనం మళ్లీ ఒక ఒత్తిడి.

ఇక మూడో దారి ఆస్మోటిక్ పంపు. అది క్యాప్సూల్ మాత్రంత ఉంటుంది. వీపు చర్మం కింద పెడితే, పంపులోని ఉప్పు పొర ఒంట్లోని నీటిని పీల్చుకుని లోపలి సంచిని నొక్కుతుంది. మందు రెండు నుంచి నాలుగు వారాలు సన్నగా కారుతూనే ఉంటుంది. సర్జరీ తప్పదు, ఖర్చూ ఎక్కువే, మందు కొద్దిపాటి ద్రవంలో బాగా కరగాలి. అయినా సిటలోప్రామ్‌లాంటి వాటికి నా ఓటు దీనికే.

మత్తుమందుగా వాడే, డిప్రెషన్ మీద కూడా త్వరగా పనిచేసే కెటమిన్ దగ్గర మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. 2010లో డూమన్ బృందమే కిలోకి 10 మి.గ్రా. ఒక్క సూదితో గంటల్లోనే మెదడు ముందు భాగంలో సైనాప్స్‌ల (నరాల కణాలు కలిసే చోట్ల) ప్రోటీన్లు పెరగడం చూసింది. మత్తుకు ఇచ్చే 80 మి.గ్రా.తో ఆ స్పందన రాలేదు. ఒక్కసారిగా ఎక్కి దిగడమే ఇక్కడ పని, కాబట్టి సూదే సరి.

ఫ్లుయోక్సెటిన్‌ను నీళ్లలో ఇస్తే మాత్రం సీసాను రోజూ తూచాలి. చివర్లో రక్తం తీసి నార్‌ఫ్లుయోక్సెటిన్‌నూ కొలవాలి. చిట్టెలుకలో అసలు మందు కంటే అదే ఎక్కువగా కనిపిస్తుంది.