మెజెయ్ ఫ్లిప్పర్: ఒకే వేవ్‌లెంగ్త్ అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు
న్యూట్రాన్ స్పిన్ (అంటే దాని బుల్లి అయస్కాంతం చూపే దిశ) తిప్పడానికి ఏ ఫ్లిప్పర్ మంచిదని అడిగేవాళ్ళకి నా మాట ఒకటే, మోనోక్రొమాటిక్ బీమ్ (న్యూట్రాన్లన్నీ ఒకే వేవ్‌లెంగ్త్‌లో ఉండేది) అయితే మెజెయ్ కాయిలే. 1972లో ఫెరెన్స్ మెజెయ్ ఇచ్చిన ఐడియా, ఇప్పటికీ తిరుగులేదు. 4 ఆంగ్‌స్ట్రామ్ వేవ్‌లెంగ్త్ న్యూట్రాన్ సెకనుకి దాదాపు కిలోమీటరు స్పీడుతో వస్తుంది, 1 సెంటీమీటర్ మందం కాయిల్ని 10 మైక్రోసెకన్లలో దాటేస్తుంది, ఆలోపే స్పిన్ సరిగ్గా సగం చుట్టు తిరగాలి, దానికి 17 గాస్ అయస్కాంత ఫీల్డ్ చాలు! డిటెక్టర్ ముందు తిరగని స్పిన్‌నే వదిలే ఫిల్టర్ పెట్టి, కాయిల్ కరెంట్ మెల్లగా పెంచుతూ పోతే డిటెక్టర్ కౌంట్ తగ్గుతూ ఒకచోట అడుగంటుతుంది, అక్కడ ఆపేయాలి, చూడటానికి భలే ఉంటుంది. మైనస్ ఏంటంటే బీమ్‌కి అడ్డంగా అల్యూమినియం తీగ ఉంటుంది, స్మాల్ యాంగిల్ (చిన్న కోణాల్లో చెదిరే న్యూట్రాన్ల) డేటాలో బ్యాక్‌గ్రౌండ్ తప్పదు. టైమ్ ఆఫ్ ఫ్లైట్ (రకరకాల వేవ్‌లెంగ్త్‌ల న్యూట్రాన్లని వచ్చే సమయాన్ని బట్టి వేరుచేసే పద్ధతి) వాళ్ళు మాత్రం ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ఫ్లిప్పర్‌కే వెళ్ళండి, దారిలో తీగే ఉండదు, రకరకాల వేవ్‌లెంగ్త్‌లని ఒకే సెట్టింగ్‌లో తిప్పేస్తుంది.