అరలో మిగిలిన రాక్ పుస్తకాలు

రాక్ సంగీతం మీద పుస్తకాలు కొనడం నాకు గిటారు పట్టుకున్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. కొన్ని అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద బేరమాడి తెచ్చుకున్నవి, కొన్ని ఎయిర్‌పోర్టులో పూర్తి రేటు పెట్టి కొన్నవి, కొన్ని అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో ఎక్కించుకుని రప్పించినవి. వాటిలో చాలావరకు మళ్ళీ అదే పేవ్‌మెంట్‌కి వెళ్ళిపోయాయి. మిగిలినవాటి గురించే ఇది. నిన్న చదివి ఇవాళ ఊగిపోతూ రాస్తున్నది కాదు. ఇవన్నీ ఏళ్ళ తరబడి చేతుల్లో నలిగి, అట్టలు ఊడితే టేప్ వేయించుకుని, ఇల్లు మారిన ప్రతిసారీ నాతో వచ్చినవి.

నేను పెట్టే పరీక్ష ఒక్కటే. చదువుతూ మధ్యలో లేచి పాట పెట్టుకోవాలనిపించాలి, పెట్టుకున్నాక ఆ పాటలో అంతకుముందు వినపడనిది ఏదో వినపడాలి. ఎవడెంత తాగాడు, ఏ హోటల్ గది కిటికీలోంచి టీవీ కింద పడేశాడు అన్నవి మొదటిసారి సరదాగానే ఉంటాయి, రెండోసారికి పాచి వాసన వేస్తాయి. పని ఎలా చేశారో చెప్పిన పుస్తకం మాత్రం ఎన్నిసార్లు తెరిచినా పలుకుతుంది.

అలా చూస్తే నా లెక్కలో మొదటిది జెఫ్ ఎమెరిక్ ‘హియర్, దేర్ అండ్ ఎవ్రీవేర్’ (2006). ఈయన పాడినవాడూ కాదు, వాయించినవాడూ కాదు, బీటిల్స్ పాటలు రికార్డు చేసిన ఇంజనీరు. టీనేజ్‌లోనే లండన్ ఈఎంఐ స్టూడియోలో, అంటే తర్వాత ఆబీ రోడ్ అని పేరు మార్చుకున్న స్టూడియోలోనే, అసిస్టెంటుగా చేరాడు. ఇరవై ఏళ్ళకే ‘రివాల్వర్’ ఆల్బంకి మెయిన్ ఇంజనీరు కుర్చీలో కూర్చున్నాడు. 1966 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన మొదటి పాటే ‘టుమారో నెవర్ నోస్’. బీటిల్స్‌లో పాడే జాన్ లెనన్ వచ్చి, నా గొంతు ఎక్కడో కొండ మీంచి దలైలామా మంత్రాలు చదువుతున్నట్టు వినపడాలి అన్నాడు. అనేసి ఊరుకున్నాడు, ఎలా చెయ్యాలన్నది ఈ కుర్రాడి తలనొప్పి. హామండ్ ఆర్గన్‌కి తగిలించే లెస్లీ స్పీకర్ ఒకటి ఉంటుంది, శబ్దం సుడి తిరిగినట్టు రావడానికి దాని లోపలి భాగాలు గిరగిరా తిరుగుతుంటాయి. లెనన్ గొంతుని దాంట్లోంచి పంపి, ముందు మైకులు పెట్టి మళ్ళీ పట్టాడు. లెనన్‌కి అది తెగ నచ్చేసి, అయితే నన్నే తాడుతో పైనుంచి వేలాడదీసి మైకు చుట్టూ తిప్పితే ఇంకా బాగుంటుందా అని అడిగాడట.

ఇంకా బాగున్నది డ్రమ్స్ సంగతి. బీటిల్స్ డ్రమ్మర్ రింగో బేస్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) లోపల ఉన్ని స్వెటర్ కుక్కి, మైకుని అంగుళాల దూరానికి జరిపాడు ఎమెరిక్. మైకు అంత దగ్గర పెట్టకూడదని అక్కడ రూలు, టెక్నీషియన్లు తెల్లకోట్లు వేసుకుని తిరిగే చోటు మరి, మన సర్కారీ ఆఫీసుకి ఏమీ తీసిపోదు. చివరికి బీటిల్స్ సెషన్లకి మాత్రమే అని ప్రత్యేకంగా అనుమతి కాగితం వచ్చింది. ఇది చదివి హెడ్‌ఫోన్స్‌లో ఆ పాట పెట్టుకోండి. పాట మొదలవగానే డ్రమ్ మీ ఛాతీ మీద కొట్టినట్టు ఎందుకుందో అర్థమవుతుంది. అదే పాటలో పక్షి అరుపుల్లాంటివి వినిపిస్తాయి చూడండి, అవి బ్యాండులోని పాల్ మెక్‌కార్ట్‌నీ ఇంటి దగ్గర తయారు చేసి తెచ్చిన టేప్ లూపులు, అంటే ఆగకుండా తిరిగేలా రెండు కొసలూ అతికించిన టేపు ముక్కలు. బిల్డింగ్‌లో వేర్వేరు మెషీన్ల మీద వాటిని ఒకేసారి తిప్పుతూ, టేపు బిగువు తగ్గకుండా స్టాఫ్ పెన్సిళ్ళు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు ఫోనులో రెండు నిమిషాల్లో అయిపోయే పని.

లోపం కూడా చెప్పాలి. ఎమెరిక్ పాల్ పక్షపాతి, జార్జ్ హారిసన్ గిటారు వాయింపు మీద అనవసరంగా విసుర్లు విసురుతాడు. అదే స్టూడియోలో పనిచేసిన మిగతావాళ్ళు కొందరు ఈ జ్ఞాపకాల్లో తప్పులున్నాయని గట్టిగానే అన్నారు. మనుషుల గురించి చెప్పినప్పుడు కొంచెం అనుమానంగానే చదవండి, మైకుల గురించి చెప్పినప్పుడు చెవులు రిక్కించి చదవండి.

దీనికి జోడీగా ఇయన్ మెక్‌డొనాల్డ్ ‘రెవల్యూషన్ ఇన్ ద హెడ్’ (1994) ఉండాలి. బీటిల్స్ ప్రతి పాటకీ ఒక నంబరు, ఎవరు ఏం వాయించారు, ఏ తేదీన రికార్డు చేశారు, కింద ఆయన తీర్పు. ఆ తీర్పుల్లో మొహమాటమన్నది మచ్చుకి కూడా ఉండదు. నాకు ప్రాణమైన ‘హెల్టర్ స్కెల్టర్’ని చెత్తబుట్టలో పడేశాడు, ‘ఎక్రాస్ ద యూనివర్స్’ని కూడా వదల్లేదు. ఆయనతో పోట్లాడుతూనే ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, అసలు మజా అందులోనే ఉంది. ఏకబిగిన చదివే పుస్తకం కాదిది, ఏదో ఒక పాట విని, పేజీ తీసి, రెండు పేరాలు చదివి మూసేసేది. ముందు భాగంలో అరవైల దశాబ్దం మీద పెద్ద వ్యాసం ఉంది, అది మాత్రం బరువు, తర్వాత చూసుకోవచ్చు.

గిటారు వాయించేవాళ్ళకి రోలింగ్ స్టోన్స్ బ్యాండు గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ‘లైఫ్’ (2010) తప్పనిసరి. జేమ్స్ ఫాక్స్‌తో కలిసి రాసింది, ఐదొందల పేజీలు దాటుతుంది, 1975లో అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని ఫోర్డైస్ అనే చిన్న ఊళ్ళో పోలీసులకి దొరికిపోయిన సీనుతో మొదలై సినిమాలా పరుగెడుతుంది. ‘శాటిస్‌ఫాక్షన్’ పాట రిఫ్ (పదే పదే వచ్చే గిటారు ముక్క) నిద్రలో తట్టిందని, పొద్దున లేచి చూస్తే పక్కనున్న క్యాసెట్లో కాసేపు రిఫ్, ఆ తర్వాత అంతా తన గురకేనని చెప్తాడు. ఇలాంటివి చాలామంది కోట్ చేస్తుంటారు. నా కాపీలో జిడ్డు పట్టిన పేజీలు మాత్రం ఓపెన్ జి ట్యూనింగ్ గురించి, అంటే తీగలు నొక్కకుండా మీటినా జి కార్డ్ పలికేలా గిటారు శ్రుతి చేసుకోవడం గురించి చెప్పినవి. మామూలు ట్యూనింగ్‌లో వాళ్ళ పాట ‘హాంకీ టాంక్ విమెన్’ నేను ఎంత వాయించినా ఏదో తేడా కొట్టేది. కీత్ చేసిందేమిటంటే, లావు తీగ ఆరోదాన్ని పీకి పారేసి, మిగతా ఐదింటినీ జి, డి, జి, బి, డి అని సరిచేసుకున్నాడు. అలా చేసి ఒక వేలు అడ్డంగా ఫ్రెట్ మీద పరిచి, పైన ఇంకో రెండు వేళ్ళు ఆనించి ఎత్తుతుంటే, మా ఇంట్లో ఉన్న చవక గిటారులోంచి కూడా రోలింగ్ స్టోన్స్ బయటికొచ్చారు. ఇది తన సొంత ఆవిష్కరణ అని గొప్పలు పోడు, పాత బ్లూస్ వాళ్ళు వాడిందేనని, తాను రై కూడర్ అనే గిటారిస్టు దగ్గర చూశానని ఒప్పుకుంటాడు. డ్రగ్స్ అధ్యాయాలు సాగదీత, తమ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ మీద చాడీలు అంతకన్నా సాగదీత, అక్కడ పేజీలు గబగబా తిప్పేయొచ్చు. మధ్యలో సాసేజీలు, మెత్తగా చిదిమిన బంగాళాదుంపల వంటకం రెసిపీ కూడా ఉంది, అదెందుకో నన్నడక్కండి.

అబిడ్స్‌కి తిరిగి వెళ్ళిపోయిన వాటిలో పేరున్నది ‘ద డర్ట్’ (2001), మాట్లీ క్రూ అనే బ్యాండు వాళ్ళది. తెగ నవ్విస్తుందని అందరూ అన్నారు, నవ్వాను కూడా. రెండోసారి తీస్తే ఆడవాళ్ళతో వాళ్ళు ప్రవర్తించిన తీరు, తాగి కారు నడిపి హనోయ్ రాక్స్ అనే ఇంకో బ్యాండు డ్రమ్మర్ చావుకి కారణమైన వాళ్ళ గాయకుడు విన్స్ నీల్ కొద్ది రోజుల జైలుతో బయటపడటం, ఇవన్నీ గొంతుకు అడ్డం పడ్డాయి. పైగా అన్ని పేజీల్లో ఒక్క పాట ఎలా పుట్టిందో సరిగ్గా తెలియదు.

బ్యాండు పెట్టుకున్న కుర్రాళ్ళు ఎవరైనా సలహా అడిగితే నేను చేతిలో పెట్టేది మైకెల్ అజెరాడ్ ‘అవర్ బ్యాండ్ కుడ్ బి యువర్ లైఫ్’ (2001). 1981 నుంచి 1991 దాకా అమెరికాలో పెద్ద కంపెనీల దయ లేకుండా బతికిన పదమూడు బ్యాండ్ల కథలు. బ్లాక్ ఫ్లాగ్, సోనిక్ యూత్, రీప్లేస్‌మెంట్స్, ఇలా. పుస్తకం పేరు అందులోని మినిట్‌మెన్ అనే బ్యాండు పాటలోని లైనే. ఈ మినిట్‌మెన్ కాలిఫోర్నియాలో శాన్ పెడ్రో అనే రేవు ఊరి పిల్లలు. స్టూడియో రేటు తక్కువుండే అర్ధరాత్రి వేళ, అప్పటికే వాడేసిన టేపుల మీద రికార్డు చేసుకునేవాళ్ళు, టూర్‌కి తమ వ్యాను తామే నడుపుకుని, సామాను తామే మోసుకుని తిరిగేవాళ్ళు. 1984లో నలభైకి పైగా పాటలతో ‘డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్’ అనే డబుల్ ఆల్బం తెచ్చారు, మరుసటి ఏడాది డిసెంబరులో వాళ్ళ గిటారిస్టు డి. బూన్ వ్యాను ప్రమాదంలో పోయాడు. ఆ అధ్యాయం చివరి పేజీలు నేను ఇప్పటికీ నిదానంగా చదవలేను. ఫ్యుగాజీ అనే బ్యాండు అధ్యాయం ఇంకో రకం: టికెట్ ఐదు డాలర్లే ఉండాలి, ఏ వయసు వాళ్ళనైనా రానివ్వాలి, టీషర్టులు అమ్మం అని పట్టుబట్టి, అయినా నష్టపోకుండా నడిపారు. మన దగ్గర కేఫ్‌లో గిగ్ కోసం సొంత జేబులోంచి పెట్రోలు పోసుకుని వెళ్ళే పిల్లలకి ఇవి చదివితే ధైర్యం వస్తుంది. ఒక చిరాకు ఏమిటంటే చాలా అధ్యాయాల నడక ఒకటే, కలిశారు, తిరిగారు, కొట్టుకున్నారు, విడిపోయారు. వరసపెట్టి కాకుండా ఏ బ్యాండు వింటున్నారో దాన్నే చదవండి.

రాక్ గాయని ప్యాటీ స్మిత్ ‘జస్ట్ కిడ్స్’ (2010) నా పరీక్షకి లొంగని పుస్తకం, ఎందుకంటే అందులో సంగీతం చాలా ఆలస్యంగా వస్తుంది. 1967లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా న్యూయార్క్ వచ్చిన అమ్మాయి, ఫొటోగ్రాఫర్ కాబోతున్న రాబర్ట్ మేపుల్‌థోర్ప్, ఇద్దరి ఆకలి. మ్యూజియంకి ఒక్క టికెట్‌కే డబ్బులుంటే ఒకరు లోపలికెళ్ళి చూసొచ్చి బయట నిలబడ్డవాళ్ళకి వర్ణించి చెప్పేవారు. మెషీన్‌లో డబ్బులేసి శాండ్‌విచ్ తీసుకునే హోటల్లో ఈవిడకి పది సెంట్లు తక్కువైతే వెనక నుంచి ఒకాయన వేశాడు, చూస్తే కవి అలెన్ గిన్స్‌బర్గ్, అందమైన కుర్రాడనుకుని సాయం చేశాడట. ఆ సంవత్సరం అమెరికా నేషనల్ బుక్ అవార్డు దీనికే ఇచ్చారు. చదివాక ‘హార్సెస్’ (1975) ఆల్బం అట్ట మీద తెల్లచొక్కా, భుజాన కోటుతో ఆవిడ నిలబడ్డ ఫొటో చూడండి, తీసింది రాబర్టే. ఆ బొమ్మ వెనక ఎన్ని ఖాళీ కడుపు రాత్రులున్నాయో తెలిశాక దాన్ని మామూలుగా చూడలేం. రాక్ అంటే గిట్టనివాళ్ళకి కూడా ఇవ్వదగ్గది ఇదొక్కటే, మా ఆవిడకి నచ్చింది కూడా ఇదొక్కటే.

అమెరికా గాయకుడు బాబ్ డిలన్ ఆత్మకథ ‘క్రానికల్స్’ (2004) గురించి చెప్పకపోతే ఊరుకోరు. వాక్యం అద్భుతం, చలికాలపు న్యూయార్క్ కళ్ళకు కట్టినట్టుంటుంది. కానీ జనం అడిగే 1965, 66 సంవత్సరాలని సునాయాసంగా ఎగ్గొట్టేసి, 1989 నాటి ‘ఓ మెర్సీ’ అనే ఆల్బం న్యూ ఆర్లియన్స్‌లో ఎలా రికార్డు చేశారో మాత్రం తీరిగ్గా చెప్తాడు. నాకు ఆ అధ్యాయమే ఎక్కువ ఇష్టం. అందులోని కొన్ని పదబంధాలు వేరే పుస్తకాల్లోంచి ఎత్తినవని పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, కాబట్టి చరిత్ర అనుకుని చదవొద్దు.

వివ్ ఆల్బర్టీన్ పుస్తకం (2014) పేరు చాలా పొడుగు, బట్టలు, సంగీతం, అబ్బాయిలు అనే మూడు మాటలూ మూడేసిసార్లు వస్తాయి. స్లిట్స్ అనే పంక్ బ్యాండులో గిటారిస్టు. రికార్డులాగే సైడ్ వన్, సైడ్ టూ అని రెండు భాగాలు. అందరూ సైడ్ వన్ కోసం కొంటారు, నన్ను కట్టిపడేసింది సైడ్ టూ: బ్యాండు పోయాక పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరగడం, క్యాన్సర్, ఊపిరాడని పెళ్ళి, నడివయసులో మళ్ళీ గిటారు పట్టుకుని చిన్న పబ్బుల్లో వణుకుతూ పాడటం.

మన దేశం సంగతి కావాలంటే సిద్ధార్థ్ భాటియా ‘ఇండియా సైకడెలిక్’ (2014) ఉంది. అరవైలు, డెబ్భైల బొంబాయి, కలకత్తా, మద్రాసు కుర్రాళ్ళు, సిగరెట్ల కంపెనీ స్పాన్సర్ చేసిన సిమ్లా బీట్ పోటీలు. సన్నటి పుస్తకం, ఇంకా లోతుగా వెళ్ళాల్సింది. కానీ ఆ పోటీల నుంచి 1970, 71లో వచ్చిన రికార్డులు వెతుక్కుని వినేలా చేసింది, నాకది చాలు.

కొనేటప్పుడు ఒక సంగతి. ప్యాటీ స్మిత్ తన పుస్తకాన్ని ఆడియోలో స్వయంగా చదివింది, ప్రయాణాల్లో అది బాగుంటుంది. ఎమెరిక్, మెక్‌డొనాల్డ్ మాత్రం కాగితం మీదే తీసుకోండి, రెండు పేజీలకోసారి ఆపి పాట పెట్టుకోవాల్సిందే కాబట్టి ఆడియోలో ఎక్కడ ఆపామో వెతుక్కోలేక చస్తాం. ‘లైఫ్’ సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటప్పుడు వెన్ను చూసి తీసుకోండి, ఆ లావుకి నా పేపర్‌బ్యాక్ బైండింగ్ సరిగ్గా ట్యూనింగ్ పేజీల దగ్గరే విడిపోయింది.