అక్రోపొలిస్ తర్వాత ఎక్కడికి? నా ఓటు అవెరోఫ్‌కే

ఏథెన్స్ వెళ్లే మనవాళ్లలో చాలామంది అక్రోపొలిస్ చూసేసి, పిరేయస్ రేవులో ఫెర్రీ ఎక్కి సాంటోరినికి వెళ్లిపోతారు. పిరేయస్‌కు దగ్గర్లోనే, పాలియో ఫాలిరో తీరాన జార్జియోస్ అవెరోఫ్ అనే యుద్ధనౌక ఉంది. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క ఆర్మర్డ్ క్రూయిజర్ ఇది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని అరోరా, ఫిలడెల్ఫియాలోని ఒలింపియా కూడా పాత క్రూయిజర్లే. కానీ వాటికి లోపల డెక్‌కు మాత్రమే కవచం. దీనికి పక్కల కూడా మందపాటి ఉక్కు పట్టీ ఉంటుంది. పాత ఓడల మీద ఆసక్తి లేనివాళ్లకూ సగం రోజు ఇవ్వదగ్గ చోటు ఇది.

ముందు బస సంగతి. ఊరి నడిబొడ్డున సింటాగ్మా కూడలి దగ్గర దిగితే అన్నీ నడిచి చూడొచ్చు, కానీ గదులు ఇరుకు, రేట్లు ఎక్కువ, రాత్రంతా వీధి గోల. మేం ఫాలిరోలో ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. సముద్రం కనిపించే బాల్కనీ, మర్యాదగా మాట్లాడే రిసెప్షన్. లోటల్లా టిఫిన్‌దే. రోజూ అదే బ్రెడ్డు, అదే చీజు, అదే పెరుగు. పెరుగు మాత్రం అద్భుతం. శాకాహారులు దగ్గర్లోని టావెర్నాల్లో (చిన్న గ్రీకు హోటళ్లలో) గెమిస్తా అడగండి, టమాటాల్లో అన్నం కూరి వండుతారు. గదికి రోజువారీ ప్రభుత్వ పన్ను హోటల్లో విడిగా కట్టాలి, బుకింగ్ రేటు చూసి అదే మొత్తం అనుకోవద్దు.

సింటాగ్మా నుంచి తీరం వైపు ట్రామ్ ఉంది. నెమ్మదిగా వెళ్తుంది, తొందర ఉన్నవాళ్లకు చిరాకే. కానీ తీరం వెంట వెళ్లే ట్రామ్‌లోకి మారి ట్రొకడెరో స్టాప్‌లో దిగితే ఓడ పొగగొట్టాలు ఎదురుగా కనిపిస్తాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్స్96 బస్సు తీరం వెంబడే పిరేయస్‌కు వెళ్తుంది, సామాను ఉన్నవాళ్లకు ఇదే సుఖం. సోమవారం మాత్రం ఓడ మూసి ఉంటుంది, ప్లాన్ వేసుకునేటప్పుడు ఇది మర్చిపోవద్దు. టిక్కెట్టు కొద్ది యూరోలే.

ఇక ఓడ. ఇటలీలోని లివోర్నోలో ఓర్లాండో షిప్‌యార్డు పీసా తరగతి (ఒకే నమూనా) నౌకల్లో మూడోదాన్ని కట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఇటలీ వద్దనుకుంటే గ్రీసు కొనేసింది. ఖర్చులో దాదాపు మూడో వంతు ఈజిప్టులో వ్యాపారం చేసి గడించిన జార్జియోస్ అవెరోఫ్ వీలునామా నుంచి వచ్చింది, అందుకే ఆయన పేరు. 1896 ఒలింపిక్స్ కోసం ఏథెన్స్ పాలరాతి స్టేడియాన్ని బాగుచేయించిందీ ఈయన డబ్బే. స్టేడియం బయట విగ్రహం ఉంది, ఆ ముఖం చూసి ఇక్కడికి వస్తే బాగుంటుంది.

1910లో నీళ్లలోకి దిగే నాటికే ఈ రకం ఓడలు పాతబడిపోయాయి. బ్రిటన్ అప్పటికే వీటికంటే పెద్దవి, వేగమైనవి అయిన బాటిల్ క్రూయిజర్లు దించేసింది. పైగా ఇంజన్లు ఇటలీవి, బాయిలర్లు ఫ్రాన్స్‌వి, ఫిరంగులు బ్రిటన్‌వి. 1911లో ఐదో జార్జి పట్టాభిషేక నౌకా ప్రదర్శనకు ఇంగ్లండ్ వెళ్తే ఒకసారి నేలకు తట్టుకుంది. అక్కడ ఇచ్చిన బ్లూ చీజ్‌ను బూజు పట్టిన తిండి అనుకుని నావికులు తిరగబడ్డారనే కథ కూడా ప్రచారంలో ఉంది. పాపం, నిజమైనా తప్పు పట్టలేం.

అలాంటి ఓడే ఏడాదిన్నరలో ఏజియన్ సముద్రాన్ని గ్రీసు చేతికిచ్చింది. అప్పుడు గ్రీసు ఒట్టోమాన్ (టర్కీ) సామ్రాజ్యంతో బాల్కన్ యుద్ధంలో ఉంది. 1912 డిసెంబర్ 16న ఎల్లి దగ్గర జరిగిన సముద్ర పోరులో గ్రీకు అడ్మిరల్ కుందురియోతిస్‌కు తన వెంట ఉన్న మూడు ముసలి నౌకల నడక నచ్చలేదు. సొంతంగా వెళ్తున్నానని జెండా ఎగరేసి, 20 నాట్ల (గంటకు దాదాపు 37 కిలోమీటర్ల) వేగంతో ఒంటరిగా ముందుకెళ్లి ఒట్టోమాన్ నౌకల వరసకు అడ్డం తిరిగాడు. అలా తిరిగితే మన ఫిరంగులు చాలావరకు వాళ్ల మీదికి పేల్చొచ్చు, అవతల ముందున్న ఓడవి మాత్రమే సరిగ్గా పనికొస్తాయి. ఒట్టోమాన్లు డార్డనెల్స్ జలసంధిలోకి వెనుదిరిగారు. తర్వాత వాళ్లు హమీదియే అనే క్రూయిజర్‌ను బయటికి పంపారు, అవెరోఫ్ దాని వెంట పడి వెళ్తే తమకు దారి ఖాళీ అవుతుందని ఆశ. అడ్మిరల్ కదల్లేదు. 1913 జనవరి 18న లెమ్నోస్ దగ్గర మళ్లీ వచ్చి మళ్లీ దెబ్బతిన్నారు. నాకు ఎల్లి దూకుడు కంటే ఈ కదలకపోవడమే గొప్పగా అనిపించింది. ఆయనే తర్వాత గ్రీసు అధ్యక్షుడయ్యాడు.

1941 ఏప్రిల్‌లో జర్మన్లు దూసుకొస్తుంటే ఓడను ముంచేయమని ఆర్డర్ వచ్చింది. సిబ్బంది వినకుండా క్రీట్ మీదుగా అలెగ్జాండ్రియాకు తీసుకెళ్లారు. అక్కణ్నుంచి ఎక్కడికో తెలుసా? మన బొంబాయికి! 1942 చివరిదాకా అక్కడే ఉండి హిందూ మహాసముద్రంలో కాన్వాయ్‌లకు (గుంపుగా వెళ్లే ఓడలకు) కాపలా కాసింది. 1944 అక్టోబర్‌లో గ్రీసు ప్రవాస ప్రభుత్వాన్ని తిరిగి ఇంటికి తెచ్చింది. 1952లో సర్వీసు ముగిసింది, 1980లలో మ్యూజియం అయింది.

లోపల అడ్మిరల్ గదిలో చెక్క పనితనం, నిప్పుగూడు చూసి, తర్వాత నావికులు ఉయ్యాల పక్కలు కట్టుకుని పడుకున్న చోటుకి వెళ్లండి. తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. సెయింట్ నికొలస్ పేరిట చిన్న గుడి కూడా ఉంది. వైజాగ్‌లో కురుసుర జలాంతర్గామి చూసినవాళ్లకు ఇది విశాలంగా అనిపిస్తుంది కానీ మెట్లు మాత్రం నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పై డెక్‌తో ఆగిపోవడం మంచిది. వేసవిలో ఆ ఇనుప డెక్ మీద మధ్యాహ్నం నిలబడలేం, పొద్దున్నే వెళ్లండి.

పిరేయస్‌లోని నౌకా మ్యూజియం కూడా బాగుంటుంది, కాకపోతే అద్దాల వెనక బొమ్మ ఓడలు చూడటమే ఎక్కువ. ఒక్కటే వీలైతే అవెరోఫ్. పాత గైడు పుస్తకాల్లో పక్కనే వేలోస్ అనే మరో యుద్ధనౌక (డిస్ట్రాయర్) ఉందని రాసి ఉంటుంది, అది థెస్సలొనీకి నగరానికి వెళ్లిపోయింది. ఫ్రీ ఎంట్రీ ఉన్న నియార్కోస్ సాంస్కృతిక కేంద్రం ఇక్కడికి దగ్గరే, సాయంత్రం అక్కడి డాబా మీదకు వెళ్తే సముద్రం, ఊరు రెండూ కనిపిస్తాయి.